ఊపిరి లెక్కపెట్టే లూదియమ్మ

నేను నంద్యాలలో ఒక ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరింది 1956లో. అక్కడ డాక్టరుగారికన్నా నర్సు లూదియమ్మంటేనే మాకు హడల్. పగిడ్యాల మనిషి. పెద్ద నోరు, వడి నడక. మార్ఫియా సూది వేసిన ప్రతి రోగి పక్కనా స్టూలు వేసుకుని ఊపిరి లెక్కపెట్టేది. "నొప్పి తగ్గితే సాలదప్పా, మనిషి మిగలాల" అనేది. చాదస్తం అని నవ్వుకునేవాణ్ణి. బుద్ధి లేక!

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి సుబ్బయ్యను తెచ్చారు. బావి తవ్వుతుంటే బండ పడి తొడ ఎముక విరిగింది. "ఇంటికాడ నల్లమందు ఏమన్నా పెట్టినారా?" అని డాక్టరుగారు అతని భార్య శివమ్మను అడిగారు. మార్ఫియా కూడా నల్లమందు నుంచి తీసేదే, రెండూ కలిస్తే ఊపిరి ఆగుతుందని ఆ ప్రశ్న. లేదంది. మార్ఫియా సూది వేశాం. అరుపులు ఆగాయి. డాక్టరుగారు కాన్పు కేసుకు వెళ్ళారు.

అరగంటకు లూదియమ్మ కేక! పరుగెత్తాను. సుబ్బయ్య పెదాలు నల్లబడ్డాయి. కంటిపాపలు ఆవగింజంత. నిమిషానికి ఆరే ఊపిర్లు.

"ఒక్క సూదికి ఇట్ల కాదు. ఏం పెట్టినావ్ శివమ్మా?"

"ఏమీ లేదమ్మా!"

లూదియమ్మ ఆమె చెయ్యి లాగి మొగుడి రొమ్ము మీద పెట్టింది. "ఇంగో ఊపిరి ఎప్పుడొస్తాదో నువ్వే చెప్పు."

శివమ్మ చూసింది. రాలేదు. ఇంకా రాలేదు. బావురుమంది. "బస్సు కుదుపులకు ఓర్చుకోలేడని శనగగింజంత నల్లమందు బెల్లంలో పెట్టి మింగించినా. మాకు కార్డు లేదు. పోలీసోళ్ళు పట్టుకపోతారని చెప్పలే!" నల్లమందుకు సర్కారు కార్డు కావలసిన రోజులవి.

"పోలీసోళ్ళు తర్వాత! చేతులు పట్టుకోప్పా!"

ఊపిరి ఆడించడానికి సుబ్బయ్య చేతులు తలమీదికి ఎత్తాను, మళ్ళీ తెచ్చి రొమ్ముకు అదిమాను. ఎత్తాను, అదిమాను. డాక్టరుగారు పరుగున వచ్చి వంతు అందుకున్నారు. నా చొక్కా తడిసిపోయింది.

"నిద్రపోనీయొద్దు. చెవికాడ పేరు పెట్టి పిలువు!" అంది లూదియమ్మ.

"మొగుని పేరు నా నోటితో ఎట్ల పలుకుతానమ్మా?" పెళ్ళయి పదేళ్ళయినా ఆ పేరు ఆమె నోట రాలేదట.

"పలకకుంటే ఆ పేరుకు మనిషే ఉండడు!"

శివమ్మ కళ్ళు మూసుకుంది. "సుబ్బయ్యా!" అంది సన్నగా. తర్వాత వార్డు అదిరేలా, "సుబ్బయ్యా! ఓ సుబ్బయ్యా!"

గంట గడిచింది. ఆమె గొంతు బొంగురుపోయింది. చివరికి సుబ్బయ్య మొహం చిట్లించాడు.

"అమ్మా... కాలు! చస్తాండా! ఎవురే నన్ను పేరు పెట్టి పిలిచేది?"

నొప్పితో మనిషి అరిస్తే అంత సంతోషం నాకెన్నడూ కలగలేదు. లూదియమ్మ స్టూలు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"నేనే పిలిచినా" అంది శివమ్మ, ఏడుస్తూ, నవ్వుతూ. "మళ్ళీ పిలుస్తా. తిట్టు, ఇంగా తిట్టు!"