ఎవరూ కూర్చోని సంతాప సభ

మా మేడమ్ పోయిన కొన్నాళ్ళకు ఆమె చెల్లెలు నాకు ఫోన్ చేసింది. ఎప్పటిలాగే చాలా మెల్లగా మాట్లాడింది. నేను చెప్పబోయిన ఓదార్పు మాటలు వినిపించుకోలేదు. ఇంట్లో అందరూ ఏడ్చారట, తనకు మాత్రం ఏడుపు రాలేదట. బంధువులు అదోలా చూస్తున్నారట. "అక్క గొంతు ఒక్కసారి వింటే వస్తాదేమోప్పా. నీ దగ్గర యాడన్నా ఉండాది కదా?" అని అడిగింది.

ఉంటుందని ధీమాగా చెప్పాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా మేడమ్ యూనిట్‌లో సౌండ్ రికార్డిస్టును నేనే. నా దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గర ఉంటుంది? ఫోన్ పెట్టేశాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. ఆమె గొంతు టేపు మీద పడకుండా చూడటమే కదా నా ఉద్యోగం.

బెంగళూరులో మా టీవీ కేంద్రం మొదలైన రోజుల్లో, కెమెరా యూనిట్‌ను వెంటబెట్టుకుని ఊళ్ళ మీద పడ్డ మొదటి ఆడ ప్రొడ్యూసర్ ఆవిడ. అప్పటిదాకా టీవీలో ఆడవాళ్ళంటే వార్తలు చదవాలి, లేదంటే వంట చెయ్యాలి. కెమెరా వెనక నిలబడి మగాళ్ళను అదిలించే ఆడమనిషి ఉంటుందని జనానికి తట్టేది కాదు. ఆనేకల్ దగ్గర ఒక ఊళ్ళో పెద్దలు పూలమాల పట్టుకుని మా వ్యాన్ దగ్గరికి వచ్చి, మాలో ఎవరికి పెద్ద మీసం ఉందో చూసి డ్రైవర్ మెడలో వేశారు. అతను తీయబోతే మేడమ్ వద్దంది. వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేలోపు వెలుతురు పోతుందని ఆమె బెంగ. ఆ రోజంతా డ్రైవర్ మాలతో కుర్చీలో కూర్చుని ఊరి సమస్యలు వింటూ తలాడించాడు. ఆమె పక్కనే తన పని చకచకా చేసుకుపోయింది. సాయంత్రానికి ఆయనగారు ఆ ఊరికి రోడ్డు కూడా వేయిస్తానన్నాడు.

ఆమెది దొడ్డబళ్ళాపురం. నేతవాళ్ళ ఇల్లు. మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగింది. ఆ ఇంట్లో ఇంకో ముద్ద అన్నం కావాలన్నా అరవాల్సిందే. ఆ గొంతుతోనే షూటింగ్ మధ్యలో మాకు సూచనలిచ్చేది. అవి నా మైకులో పడేవి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు నేను వాటిని ఎడిటింగ్‌లో ఏరి పారేసేవాణ్ణి. తన మొహం గానీ మాట గానీ కార్యక్రమంలో రాకూడదని ఆమె పట్టుదల. "నన్నెవురు చూస్తారప్పా, రాగి చేను చూపించు" అనేది.

మగ్గాల మధ్య పెరిగినందుకేమో, ఆమెకు నిశ్శబ్దమంటే పిచ్చి. ఎక్కడ షూటింగ్ చేసినా, పని అయిపోయాక ఆ చోటి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చెయ్యాలి. ఇది మా సౌండ్ వాళ్ళకు మామూలే. ఏ చోటి నిశ్శబ్దం ఆ చోటిదే, మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుంది. మిగతా ప్రొడ్యూసర్లు ఏదో అయిందనిపించేవాళ్ళు. ఈవిడ పూజలాగా చేయించేది. యూనిట్ అంతా లేచి నిలబడాలి. ఫ్యాన్లు ఆపాలి. దగ్గొస్తే మింగాలి. మధ్యలో చప్పుడైతే మళ్ళీ మొదటినుంచి. ఎంతసేపన్నది ఆమె ఇష్టం, ఆమె చాలన్నాకే మేము కదలాలి. నాకు లోపల ఒళ్ళు మండిపోయేది గానీ, ఆ నిశ్శబ్దాలు ఎడిటింగ్‌లో ఎంత అక్కరకొచ్చేవో నాకే తెలుసు.

ఒకసారి చిక్కపేటలో పట్టుచీరల మీద కార్యక్రమం చేశాం. ఆ సందులో కూడా నిశ్శబ్దం కావాలంది. తోపుడుబండ్ల వాళ్ళను, మూటలు మోసే హమాలీలను బతిమాలి ఎక్కడివాళ్ళను అక్కడ ఆపించింది. మేము తలలు వంచుకుని నిలబడటం చూసి, ఎవరో పెద్దాయన పోయాడనుకుని ఒక బట్టల సేటు చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఎదురు కొట్టాయన షట్టర్ సగం దించాడు. రికార్డింగ్ అయ్యాక సేటు నా దగ్గరికొచ్చి, పోయినదెవరని మెల్లగా అడిగాడు. ఎవరూ పోలేదని చెబితే ఆయన మొహం చిన్నబోయింది.

అలాంటి మనిషి గొంతు ఇప్పుడు వెతకాలి. మా పాత కెమెరామన్‌ను తోడు తెచ్చుకున్నాను. ఈ కెమెరామన్లతో ఒకటే తంటా, ప్రపంచంలో చూడటానికి తప్ప వినడానికేమీ లేదనుకుంటారు. పాత టేపులు చాలామటుకు మిగల్లేదు. టేపులు దొరకని రోజులవి, ఒకదాని మీద ఇంకోటి, దాని మీద మరోటి ఆమే ఎక్కించేది. మిగిలినవి గాలించాం. ఒక వంటల కార్యక్రమంలో బల్ల మీది ఉల్లిపాయను పక్కకు జరిపే చెయ్యి దొరికింది. ఇంకోదాంట్లో ఒక మోచెయ్యి. అది మేడమ్ మోచెయ్యేనని కెమెరామన్, కాదు మేకప్ ఆమెదని నేను, గట్టిగానే పోట్లాడుకున్నాం. గొంతు మాత్రం ఎక్కడా లేదు. నేను నా పని అంత బాగా చేశాను. ఇంట్లో ఫోన్లలోనూ ఏమీ లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, ఒకరికొకరు వాయిస్ మెసేజ్ పెట్టుకునే అవసరమేముంది?

దొరకలేదని ఆమె చెల్లెలికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంతాప సభలో కనిపిస్తుంది కదా, అప్పుడు చెబుదామనుకున్నాను.

సభ ఒక సంఘం వాళ్ళ హాలులో జరిగింది. ఫొటోలు దిగే అలవాటు లేని మనిషి కాబట్టి, ఐడీ కార్డు ఫొటోనే పెద్దది చేయించి పెట్టారు. దానితోపాటు చెంప మీది ఆఫీసు రబ్బరు స్టాంపు ముక్క కూడా పెద్దదై కూర్చుంది. దండతో దాన్ని కప్పడానికి మా లైట్‌మ్యాన్ నానా పాట్లు పడ్డాడు. పాత యూనిట్ మొత్తం వచ్చింది. అందరికీ జుట్టు నెరిసింది, లేదా ఊడింది. తొందరగా వెళ్ళాలంటూ ముఖ్య అతిథి ముందే మాట్లాడేసి, ఆమె వార్తలు చదివే తీరును తెగ పొగిడాడు. ఆమె జన్మలో వార్తలు చదివింది లేదు. ముందు వరసలో చెల్లెలు పొడి కళ్ళతో అన్నీ వింటోంది. ఉత్త చేతులతో ఆమెకు మొహం చూపించలేక, కనీసం ఉపన్యాసాలైనా రికార్డు చేసిద్దామని నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక మూల నిలబడ్డాను.

సంఘం కార్యదర్శి మైకు దగ్గరికొచ్చి, అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటించాలన్నాడు.

లేచారు. ఎవరూ చెప్పకుండానే లైట్‌మ్యాన్ వెళ్ళి ఫ్యాన్లు ఆపేశాడు. మా వాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడ బిగుసుకుపోయారు. నిమిషం ఎప్పుడో దాటింది. మామూలుగా అయితే కార్యదర్శే థాంక్స్ చెప్పి ముగించాలి. సగం హాలు అలా కొయ్యబారి ఉండటం చూసి, ఇది టీవీవాళ్ళ పద్ధతి కాబోలు, వాళ్ళే ఆపుతారులే అనుకున్నాడట. మేమేమో మేడమ్ చాలనేదాకా కదలం. మేడమ్ ఇక చాలనదు. ఆ సంగతి ఆ క్షణాన మాలో ఒక్కరికీ తట్టలేదు, ఒట్టు.

అంతలో ఎవరిదో ఫోన్ మోగింది. కెమెరామన్ చెయ్యెత్తి చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. మళ్ళీ మొదటినుంచి అని దానర్థం. మా వాళ్ళు తలూపారు. అర్థం కాకపోయినా కార్యదర్శి కూడా ఊపాడు. ఉక్కపోత మొదలైంది. తొందరపని ఉన్న ముఖ్య అతిథి, పాపం మోకాళ్ళ నొప్పుల మనిషి, ముందున్న కుర్చీని పట్టుకుని వేలాడుతున్నాడు. బోండాల పళ్ళెంతో వచ్చిన వంటాయన దాన్ని అలాగే ఎత్తి పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. బయట ఒక ఆటో హారన్ కొట్టింది, కెమెరామన్ వేలు మళ్ళీ తిరిగింది. నాకైతే హెడ్‌ఫోన్లలో బోండాల మీది నూనె చిటపట కూడా వినిపిస్తోంది. నిజం చెప్పాలంటే నా సర్వీసు మొత్తంలో అంత మంచి నిశ్శబ్దం రికార్డు చెయ్యలేదు.

"చాల్లేప్పా, కూర్చోండి అందురూ. ఇంకెంతసేపు నిలబడుకుంటారు?"

మా యూనిట్ మొత్తం ఒక్కసారే కూర్చుంది. లైట్‌మ్యాన్ పరుగున వెళ్ళి ఫ్యాన్లు వేశాడు. ఆ తర్వాత గానీ మాకు ఒళ్ళు జలదరించలేదు. కెమెరామన్ ఫొటో వైపు తిరిగి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అది మేడమ్ గొంతు. కానీ ముందు వరసలోంచి వచ్చింది. అక్క మాట్లాడుతుంటే పక్కన నవ్వుతూ ఊరుకునే చెల్లెలు గట్టిగా మాట్లాడగా మాలో ఎవరూ ఏనాడూ వినలేదు. ఆ రోజు హాలంతా విన్నది, వినాలని అడిగిన ఆ ఒక్క మనిషి తప్ప.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టి ఆ ముక్క వినిపించాను. మనిషికి తన గొంతు రికార్డింగులో పరాయిదిగా వినిపిస్తుంది. ఎంతమంది తగాదా పెట్టుకున్నారో నాతో, అది మా గొంతు కాదని. ఈమె కూడా అంతే. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "యాడ దొరికిందప్పా ఇది?" అంది.

ఏ ఆనేకల్ టేపులోనో దొరికిందని చెబితే సరిపోయేది. చెప్పాలనే అనిపించింది, ఆమె కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరుగుతున్నాయి. కానీ ఆమె గొంతును ఆమెకే అబద్ధం చేసి ఇవ్వడం నాకు చేత కాలేదు.

"అమ్మా, అది మీరే. నిన్న మమ్మల్ని కూర్చోమన్నారు కదా."

ఆమెకు కోపం వచ్చింది. వేళాకోళం చేస్తున్నానేమోనని నా మొహం చూసింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ మళ్ళీ విన్నది.

"నా గొంతు ఇట్లుండాదా?"

"ఇట్లే ఉందమ్మా."

"ఇన్నేండ్లు నాకెవురూ చెప్పలేదే" అంది.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, నేనొకణ్ణి అక్కడున్నానన్న సంగతి మరిచిపోయినట్టు, వీధి తలుపు వైపు తిరిగి గట్టిగా అంది. "ఏమే, కాఫీ పెట్టినావా లేదా? తల పగిలిపోతా ఉండాది."

షూటింగ్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ మేడమ్ రోజూ అనే మాట అదేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెల్లెలు తల ఒక పక్కకు వంచి, ఆ మాట ఇంట్లో పూర్తిగా సద్దుమణిగేదాకా విన్నది. "పెడ్తా ఉండా అక్కా" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా.