ఆయిల్ మీటరు ముల్లు పడుకున్న రోజు

ఆ రోజుల్లో డిప్లొమా పాసైన కుర్రాడికి రెండు జబ్బులుండేవి. ఒకటి ఉద్యోగం లేకపోవడం, రెండోది అన్నీ తెలుసనుకోవడం. మొదటిదానికి ఎప్పుడో ఒకప్పుడు మందు దొరుకుతుంది. రెండోది మాత్రం పదిమంది ముందు పరువు పోతే తప్ప తగ్గదు. నాకది బెజవాడ ఆటోనగర్‌లో, పట్టపగలు, ఒక పికప్ బండి సాక్షిగా తగ్గింది. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ వ్యవహారంలో నా తెలివితక్కువతనానికి వాటాదారులెవరూ లేరు. అదంతా నా స్వార్జితం.

తొంభైల నడుమ మాట. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చింది గానీ పని చేతికి రాలేదు. పటమటలో మా అక్కావాళ్లింట్లో ఉంటూ, పొద్దున పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చదివి, మధ్యాహ్నం ఆ పేపరు మొహాన కప్పుకుని నిద్రపోయేవాణ్ని. బావకి కైకలూరు అవతల చేపల చెరువులుండేవి. ఆ చెరువులకీ బెజవాడకీ మధ్య ట్రేలూ, ఐసూ, చేపలూ మోయడానికి ఒక పికప్ బండి. దాన్ని బావే నడిపేవాడు. (బావ అంటే మా మేనత్త కొడుకే. అందుకని చిన్నప్పట్నుంచీ 'నువ్వు' అనే చనువు.) ఆ బండి ఎక్కినవాడు దిగాక కూడా రెండు రోజులు చేపల వాసన వేసేవాడు. అయినా నేను తెల్లచొక్కా వేసుకుని మరీ ఎక్కేవాణ్ని. ఎందుకంటే మా అక్క వీధి వీధంతా "మా తమ్ముడు ఇంజనీరు" అని చాటింది. డిప్లొమాకీ ఇంజనీరుకీ తేడా ఉందని చెప్పి ఆవిడ మనసు నొప్పించడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఒకరోజు తెల్లవారి అక్క వేసిన ముగ్గులో, ఆవిడ పెట్టని చుక్కలు నాలుగు కనబడ్డాయి. నల్లటివి, జిడ్డువి. "మీ బండి నా ముగ్గు మీద ముగ్గేస్తోంది, ఏం చేస్తారో చెయ్యండి" అంది బావతో. బావ నా వైపు చూశాడు. ఆ ఇంట్లో నా తిండికీ నా చదువుకీ కలిపి లెక్క తీరే అవకాశం అదేననిపించి, అప్పటికప్పుడు బండి కింద దూరాను. ఇంజను పక్కన ఉసిరికాయంత స్విచ్చి ఒకటి బిగించి ఉంటుంది. లోపల ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో అది కనిపెట్టి, ఒక తీగ ద్వారా డ్రైవరు ముందున్న మీటరుకి చెబుతుంది. దాన్ని తిప్పి బిగించే మరల దగ్గర్నుంచి ఆయిల్ చెమ్మలా కారుతోంది. అంతేగా! అంతకుముందు వారమే మా బాత్రూము కుళాయి బాగుచేసినవాడు వదిలేసిన తెల్ల టేపు గూట్లో ఉంది. స్విచ్చి విప్పి, మరల చుట్టూ ఆ టేపు ఏడు చుట్లు చుట్టి, మళ్లీ బిగించాను. చుక్క ఆగిపోయింది. "పర్లేదే!" అన్నాడు బావ. ఆ ఒక్క మాటకి ఆ పూట అన్నంలో నాకు నెయ్యి రెండోసారి పడింది.

మర్నాడు మంగళవారం. శుక్రవారం పెద్ద చెరువులో చేపల పట్టుబడి. వలలు లాగేవాళ్లనీ, ఐసునీ మాట్లాడుకుందామని ఇద్దరం ఖాళీ ట్రేలతో బయల్దేరాం. కంకిపాడు దాటాక నా చూపు మీటరు మీద పడింది. ఎప్పుడూ నడుమ నిలబడి ఉండే ఆయిల్ మీటరు ముల్లు, సున్నా దగ్గర హాయిగా పడుకుని ఉంది.

"బావా, ఆపు! ఆపు! ముందు ఇంజను ఆపు!"

బావ అదిరిపడి బండి పక్కకి తీశాడు. "ఏంట్రా? గేదేదన్నా అడ్డమొచ్చిందా?"

"ఆయిల్ ప్రెషర్ సున్నా!"

"బండి బానే లాగుతోందిగా?"

"చచ్చేముందు అలాగే లాగుద్ది బావా. ఇంకో కిలోమీటరు పోతే ఇంజను పట్టేస్తది."

ఆ తర్వాత రోడ్డు వారనే నిలబెట్టి, ఆయిల్ పీడనం తగ్గితే బేరింగులు ఎలా అరుగుతాయో, అరిగితే క్రాంకు ఎలా కొట్టుకుంటుందో, పరీక్షలో రాసిన పది మార్కుల జవాబు మొత్తం అప్పజెప్పాను. పీడనం గురించి చదివింది నేను, ఆ ఎండలో పీడన అనుభవించింది ఆయన. పాపం, చదువంటే గౌరవం ఉన్న మనిషి. అటుగా పోతున్న ట్రాక్టరుని ఆపి, దానికి మోకు కట్టించి, నిక్షేపంలా ఉన్న బండిని వెనక్కి ఆటోనగర్ దాకా ఈడ్పించుకొచ్చాడు. దారిలో తెలిసినవాడొకడు స్కూటరు మీద పక్కకొచ్చి, "ఏవండోయ్, బండికి ట్రాక్టరుతో దున్నడం నేర్పుతున్నారా?" అని అడిగిపోయాడు. బావ నవ్వలేదు. నేను సీట్లో కాస్త కిందకి జారి కూర్చున్నాను.

ఆటోనగర్‌లో బావకి అలవాటైన మెకానిక్కుని అందరూ చెవి మేస్త్రీ అనేవాళ్లు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు జబ్బు చెప్పేవాడు. ఆయన బీడీ ఆర్పి లేచేలోపే నేను మందుల చీటీ రాసిచ్చేశాను. "మెయిన్ బేరింగులు పోయాయి మేస్త్రీగారూ. ఇంజను దించాల్సిందే."

మేస్త్రీ నన్నూ, నా తెల్లచొక్కానీ పైనుంచి కిందకి చూశాడు. "దించుదామండి, దానికేం. పదిహేను రోజులు పడద్ది."

బావ మొహంలో రంగు పోయింది. "పదిహేను రోజులా? శుక్రవారం పట్టుబడి మేస్త్రీ! చెరువులో నీళ్లు ముప్పాతిక తోడేశాం. ఇప్పుడు ఆపితే ఆ మోకాటిలోతు నీళ్లలో, ఈ ఎండకి, చేపంతా తేలిపోద్ది. అడుగుదామంటే ఈ నెల్లో ఎవడి బండీ ఖాళీ లేదు." అని నా వైపు తిరిగి, "ఒరే, బాగా చూసే చెబుతున్నావా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపమైతే బాగుండేది. నమ్మకం ఉంది. దాంతో నేను మరింత బిగుసుకుని, "సందేహం లేదు బావా" అన్నాను.

"అయితే ఓసారి విందాం" అని మేస్త్రీ స్టార్టు చేయబోయాడు. నేను అడ్డం పడ్డాను. "అయ్యో, స్టార్టు చేస్తే పట్టేస్తది!"

"చెయ్యకపోతే ఏం వింటామండీ? మీరే వినండి, చదువుకున్న చెవులు" అని స్టార్టు చేసేసి, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, ఇంజను మీద ఎక్కడ పెట్టాలో చూపించాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను.

"టక్, టక్ అంటోందాండీ?"

నిజానికి ఇంజను మోతలో ఏదీ తెలియడం లేదు. కానీ అడిగిన తీరు చూస్తే అనాలన్నట్టుంది. చెవి ఇంకాస్త రిక్కిస్తే నిజంగానే వినబడింది. "అంటోంది! స్పష్టంగా అంటోంది!"

మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపేశాడు. మోత ఆగింది. టక్ టక్ మాత్రం ఆగలేదు.

"అది పక్క షెడ్డులో కారు డోరుకి సొట్టలు తీస్తున్న సుత్తండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. బావ నవ్వలేదు గానీ, మొహంలోకి కొంచెం రంగు తిరిగొచ్చింది. నా చదువు తప్పయితేనే తన చేపలు బతుకుతాయని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది.

మేస్త్రీ ఇక ఇంజనుని వదిలేసి మీటరు సంగతి పట్టుకున్నాడు. స్విచ్చికున్న తీగ ఊడదీసి, దాని కొసని ఇంజను ఒంటికి తాకించాడు. "చూడండి, ముల్లేమంటోంది?" క్యాబిన్లోంచి బావ అరిచాడు, "లేచింది! ఆ చివరి దాకా లేచింది!" మేస్త్రీ తలూపాడు. "మీటరూ మంచిదే, తీగా మంచిదే. స్విచ్చికే ఎక్కడో ఎర్తు అందట్లేదండీ."

ఎర్తు! నా కాళ్ల కింద ఎర్తు కదిలింది. ఆ స్విచ్చికి ఉన్నది ఒకటే తీగ. కరెంటు తిరిగిపోయే రెండో దారి దాని మరలే. అవి ఇంజనుకి తాకుతుంటేనే ముల్లు లేస్తుంది. ఆ మరలకీ ఇంజనుకీ మధ్య ఏడు చుట్లు టేపు చుట్టి కూర్చోబెట్టిన ఘనుణ్ని నేనే. బేరింగులకి రోగం లేదు, ఆయిల్‌కి రోగం లేదు. రోగం మా బాత్రూము గూట్లోంచి వచ్చింది.

"స్విచ్చి విప్పి, మన చేతి మీటరు పెట్టి చూస్తే అసలు ప్రెషరెంతో తేలిపోద్ది" అని మేస్త్రీ స్పానరందుకున్నాడు.

"మీరుండండి మేస్త్రీగారూ, నేను విప్పుతాను!" అన్నాను.

"చొక్కా పాడవుద్దండీ."

"ఫర్లేదు, పని నేర్చుకోవాలిగా!"

అంతటి వినయం నా నోట అంతకుముందెన్నడూ వినని బావ ముచ్చటపడ్డాడు. నేను బానెట్లోకి నడుము దాకా వంగి, వీపుని తెరలా అడ్డం పెట్టి, కాలిపోతున్న స్విచ్చిని విప్పి, గోళ్లతో టేపు పీకి, ఎక్కడ పారేయాలో తోచక చొక్కా జేబులో కుక్కాను. పైకి లేచేసరికి మూడు వేళ్లు బొబ్బలెక్కాయి. మొహం మాత్రం అమాయకంగానే పెట్టాను.

చేతి మీటరు పెట్టి స్టార్టు చేస్తే ముల్లు ఠక్కున లేచి నిలబడింది. ప్రెషరు కొత్త బండికున్నట్టుంది. తర్వాత అదే స్విచ్చి మళ్లీ బిగించారు. లోపలి మీటరు ముల్లు కూడా నిద్రలేచి, ఎప్పటి చోటికి వచ్చి కూర్చుంది. బావ స్టీరింగుకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆ సంతోషంలో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "స్విచ్చి కాస్త లూజయింది బావా. నేను బిగించేశాగా, ఇక భయం లేదు" అన్నాను.

మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా చొక్కా వైపు చూశాడు. ఆయన చూపు వెంట బావ చూశాడు. వాళ్ల చూపుల వెంట నేనూ చూసుకున్నాను. తెల్లటి జేబు మీద నల్లటి మరక ఒకటి, అరచేయంత, ఇంకా విచ్చుకుంటోంది.

"బాబుగారూ, ఆ జేబులోది మాకిచ్చేయండి. మా షెడ్డు కుళాయి కారుతోంది, చుట్టుకుంటాం" అన్నాడు మేస్త్రీ.

"మీకు ముందే తెలుసా?" అన్నాను నీరసంగా.

"స్విచ్చి మెడకాడ తెల్లగా తొంగి చూస్తంటే తెలవదాండీ! చదువుకున్నోళ్లు గదా, ఎందుకు చుట్టారో ఏమోనని ఊరుకున్నా."

బావ తిడతాడనుకున్నాను. బానెట్ పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మేస్త్రీ ఒక రాగి వాషరు వేసి కారడం ఆపాడు, శుక్రవారం పట్టుబడి సవ్యంగా జరిగింది, చేప మెరుస్తూ బెజవాడ చేరింది. అక్కడితో అయిపోతే ఇది కథే కాదు. మర్నాటి నుంచీ బావ ఆ సంగతి చెప్పడం మొదలెట్టాడు. పెళ్లిళ్లలో, బారసాలల్లో, ఒకసారి నా పెళ్లిచూపుల్లో కూడా (ఆ సంబంధం తప్పిపోయింది). చెప్పిన ప్రతిసారీ టేపు పొడుగయ్యేది. ఏడు చుట్లు పదయ్యాయి, పది ఇరవై అయ్యాయి, చివరికి రీలు మొత్తం అయింది. పన్నెండు పదమూడేళ్లు తలొంచుకుని విన్నాను.

తర్వాత అక్కావాళ్లమ్మాయి, మా మేనకోడలి పెళ్లి కుదిరింది. మైలవరంలో పెళ్లివారింటికి బస్సులో వెళ్తుంటే, మగపెళ్లివారు మమ్మల్ని తీసుకురావడానికి పంపిన పెద్దలు నలుగురు నా పక్కనే కూర్చున్నారు. ఏదన్నా కబురు చెప్పండి బాబూ అన్నారు. బావ పెళ్లికూతురి కారులో ఉన్నాడు. చెప్పాను. మొత్తం కథ, ఒక్క ముక్క వదలకుండా, ట్రాక్టరూ సుత్తీ జేబూ అన్నీ చెప్పాను. ఒక్కచోట మాత్రం మనుషుల్ని అటూ ఇటూ మార్చాను. టేపు చుట్టింది బావ, కనిపెట్టింది నేను.

మధ్యాహ్నం పంక్తిలో పప్పు పడగానే బావ గొంతు సవరించుకుని, "మా బామ్మర్ది సంగతి చెప్పాలండీ మీకు. ఓసారి మా పికప్ బండికి..." అని ఎత్తుకున్నాడు. వియ్యంకుడు గారు పెద్దగా నవ్వి, "తెలిసిందండి బావగారూ! టేపు జేబులో దాచేసుకున్నారంట గదా మీరు! చదువుకున్న బావమరిది ఉండబట్టి ఇంజను దక్కింది!" అన్నాడు. పంక్తి పంక్తంతా గొల్లుమంది. బావ విస్తట్లోంచి చెయ్యి తీసేసి, "నేనా? కాదండీ, వీడు! వీడే!" అన్నాడు. ఆయన కాదన్న కొద్దీ వాళ్లు నవ్వారు. చివరికి దిక్కుతోచక, వియ్యాలవారు వద్దంటున్నా నెయ్యి గిన్నె అందుకుని వడ్డిస్తున్న అక్కని సాక్ష్యానికి పిలిచాడు. "ఏవే, నువ్వు చెప్పు, ఆ టేపు చుట్టిందెవరో!"

అక్క నన్ను చూసింది, వియ్యాలవారిని చూసింది. "పాత సంగతులు ఇప్పుడెందుకులెండి, మీ పరువే పోద్ది" అని నా విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి పోసింది. అప్పటికి నాకు కళ్లజోడు వచ్చింది, నడినెత్తిన జుట్టు పలచబడింది. డిప్లొమా నాటి ఆ మహా తెలివైన కుర్రాడు మాత్రం లోపల ఇంకా అలాగే ఉన్నాడని, ఆ నెయ్యి కలుపుకుంటుంటే తెలిసింది. బావ వైపు చూడకుండా, తల వంచుకుని, సుష్టుగా తిన్నాను.