చనిపోయిన మనిషికి నేను చేసిన రెండో పెళ్లి

రష్యా గురించి నాకు తెలిసిందల్లా అక్కడ చలి ఎక్కువని. ఆ ఒక్క ముక్క పెట్టుబడితో పోయినేడు రెండు నెలల పాటు, ఆ దేశంలో వోల్గా నది పక్కనున్న మూడు పల్లెల చరిత్రకు నేనే పెద్దదిక్కు అనుకుని తిరిగాను. తిరిగింది సౌదీలోని రాబిగ్‌లో. బయట ఎండ పేలిపోతుంటే ఏసీ కింద కూర్చుని, ఆ పల్లెల్లో మంచు ఎప్పుడు కరిగేదో, పెళ్లిళ్లు ఏ నెలలో జరిగేవో వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నా ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్. రిఫైనరీలో పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ మాది. వచ్చిన ప్రతి డ్రాయింగుకూ నంబరు వేయాలి. దానికి కొత్త రివిజన్ రాగానే పాతదాని మీద ‘సూపర్‌సీడెడ్’ అని ఎర్రముద్ర గుద్ది అవతల పడేయాలి. పాత డ్రాయింగు పట్టుకుని ఎవడైనా సైటుకు పోయాడంటే పైపు ఒకచోట, వాల్వు ఒకచోట అవుతుంది, తిట్లు మాత్రం నాకొస్తాయి. అందుకని తొమ్మిదేళ్లుగా నా బుర్రలో ఒకటే సూత్రం నాటుకుపోయింది. చివర వచ్చిన కాగితమే నిజం, ముందొచ్చింది చెల్లదు. పైపుల విషయంలో ఈ సూత్రానికి వంక పెట్టడానికి లేదు.

మా దగ్గర కంప్రెసర్లు చూసే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. తాతార్ మనిషి, అంటే వోల్గా ప్రాంతపు ముస్లిం. మాట తక్కువ, టీ ఎక్కువ. ఒకరోజు టీ దగ్గర ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు.

“ఇది చదవగలవా బ్రదర్?”

పసుపుబారిన పెద్ద పుస్తకంలో ఒక పేజీ. అచ్చు గీతల గడులు, గడుల నిండా అరబ్బీ అక్షరాలు. వాళ్ల జిల్లా ఆర్కైవులో వాళ్లమ్మ అర్జీ పెట్టి తీయించుకున్న ఫొటోలట, మొత్తం నూట చిల్లర. వందేళ్ల కిందట, రాజుల కాలంలో, ఊరి మసీదు ఇమాము ప్రతి పుట్టుకా, పెళ్లీ, విడాకులూ, చావూ ఇలాంటి పుస్తకాల్లో రాసేవాడు. ఆ తర్వాత వాళ్ల లిపి రెండుసార్లు మారింది. ఇప్పటి వాళ్లకు భాష వచ్చు గానీ ఈ అక్షరాలు రావు. నాకా, కడప జిల్లాలో మా మదర్సా హజ్రత్ బెత్తం పట్టుకుని నేర్పిన ఉర్దూ పుణ్యమా అని అక్షరాలు వచ్చు, భాష ఒక్క ముక్క రాదు.

“ఓ, దానికేముంది!” అన్నాను. నా జీవితంలో చేసిన వెధవ పనులన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

మా పద్ధతి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నేను అక్షరాలు కూడబలుక్కుని, అర్థం తెలియకుండా, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టు పైకి చదివేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. నాలుగు మాటలు పోయాక ఉన్నట్టుండి కళ్లు తెరిచి, “ఆగు, ఆగు! అది మా ఊరి పేరు!” అని బల్ల గుద్దేవాడు. తారీఖులు, నెలలు, రోగాల పేర్లు చాలావరకు అరబ్బీ, ఫార్సీ మాటలే కాబట్టి నాకూ కొంత తెలిసిపోయేది. మూడోరోజున వాళ్ల తాతగారి పుట్టుక దొరికింది. తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి ఎవరి కూతురో, ఏ ఊరిదో కూడా ఉంది. ఆ తల్లి పేరు నేను చదవగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“మా ఇంట్లో ఈ పేరు పలకరు,” అన్నాడు.

సంగతేమిటంటే, వాళ్ల తాతగారు రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు తల్లి ఆయన్ని వదిలేసి, పక్క ఊళ్లో ఎవరినో పెళ్లాడి పోయిందట. సవతి తల్లి చెప్పిన మాట అది. ఆ పిల్లాడు పెద్దవాడై, ముసలివాడై, చనిపోయేదాకా కన్నతల్లిని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆయన కూతురే మా ఇంజనీరు తల్లి. ఆవిడకు డెబ్బయి అయిదు దాటాయి, కొడుకు దగ్గరకు ఉమ్రా, అంటే మక్కా యాత్ర, చేయడానికి వస్తోంది. తన ఉమ్రా తనకు అయ్యాక, చనిపోయినవాళ్ల పేరున ఇంకొకటి చేయొచ్చు. ఆవిడ మోకాళ్లు ఆ ఇంకొక్కదానికే ఒప్పుకుంటాయి, మళ్లీ రాగలనన్న ఆశ ఆవిడకు లేదు. ఆ ఒక్కటీ ఎవరి పేరున చేయాలి? చిన్నపిల్లాణ్ణి వదిలి చచ్చిపోయిందంటే ఆ నాయనమ్మ పేరున. వదిలేసి పోయిందంటే, తన తండ్రి పేరున. అది తేల్చుకోవడానికే ఈ కాగితాలన్నీ.

నాకు ఒళ్లు పొంగిపోయింది. ఒక ముసలామె ఉమ్రా నా చేతిలో ఉంది మరి! ఆఫీసు ఎక్సెల్‌లో ఒక షీటు తెరిచాను. మూడు పల్లెలూ, ముప్పై ఏళ్ల పుట్టుకలూ చావులూ నంబర్లు వేసి ఎక్కించాను. కోతలయ్యాక చలి ముదిరేలోపు పెళ్లిళ్లు గుంపుగా జరుగుతాయని కనిపెట్టాను. వేసవిలో పసిపిల్లల చావులు వరస పెడతాయని కనిపెట్టాను. ఒక ఇంట్లో పదిహేను రోజుల్లో నలుగురు పిల్లలు గొంతు జబ్బుతో పోయారు. అది ఎక్కించిన రోజు నాకు అన్నం సహించలేదు. కానీ మర్నాడు క్యాంటీన్‌లో అదే కథ ఎంత గొప్పగా చెప్పానంటే, జగిత్యాల ఫిట్టర్ ఒకాయన పళ్లెం పట్టుకుని వేరే బల్లకు లేచిపోయాడు.

“గీ రష్యా ముచ్చట్లు రేపు జెప్పురి అన్నా, బుక్కెడంత తిననియ్యి,” అన్నాడు పోతూ పోతూ.

ఇంతలో మరమ్మతుల కోసం ప్లాంటులో షట్‌డౌన్ వచ్చింది. ఇంజనీరు పగలనక రేయనక సైటులోనే. వాళ్లమ్మ వచ్చేసింది, తన ఉమ్రా తాను చేసుకుంది కూడా. ఆదివారం తిరుగు ప్రయాణం. మిగిలిన పేజీలు ఇద్దరం కలిసి చదవడానికి కుదరలేదు. అయినా ఆయనెందుకు, నేను లేనూ? ఒక్కణ్ణే కూర్చున్నాను.

మొదట ఆ నాయనమ్మ చావు దొరికింది. పేరు స్పష్టంగా ఉంది, భర్త పేరుంది, వయసు ఇరవై రెండు. ఆ తర్వాతి ఏడాది పేజీల్లో ఒక పెళ్లి దొరికింది. పెళ్లికూతురి పేరు మీద పెద్ద సిరామరక. కానీ ఫలానావారి కూతురు, ఫలానా ఊరు అన్నది మాత్రం చక్కగా కనబడుతోంది. అదే తండ్రి, అదే ఊరు! పెళ్లికొడుకుది పక్క ఊరు! ఇంట్లో చెప్పుకున్న కథ అక్షరం పొల్లుపోకుండా కుదిరింది. మరక కింద ఉన్నది ఆవిడ పేరేనని నేనే తీర్మానించేశాను. మరి ముందటేడు రాసిన చావో? బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు. ముందొచ్చిన కాగితం, తర్వాతొచ్చిన కాగితం. చేయి దానంతటదే పోయి చావు పేజీ ప్రింటు మీద ఎర్రముద్ర గుద్దింది. సూపర్‌సీడెడ్.

బుధవారం సాయంత్రం ఆ రిపోర్టు రంగుల్లో ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేయించి, వాళ్ల ఫ్లాటుకు తీసుకెళ్లాను. చావు సంగతి చిట్టచివరి పేజీలో చిన్న అక్షరాల్లో ‘నమోదులో పొరపాటు’ అని రాశాను. షట్‌డౌన్‌లో నిద్రలేని ఆ మనిషి అంతదాకా తిప్పలేదు. వాళ్లమ్మ పాలు పోసిన టీ, తేనెపాకంలో ముంచిన ఏదో పిండివంట పెట్టింది. నేను కాలరెగరేసుకుని కూర్చుని, ఆ నాయనమ్మ రెండో పెళ్లి చేసుకున్న మాట నిజమే, ఇదిగో ఆధారం అన్నాను. ఇంజనీరు వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ తల ఊపి, నా కప్పు తీసుకుపోయి చాలాసేపు కడిగింది. ఆ వీపు చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఇంకో ముక్క తిని వచ్చాను.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఇంటికి వీడియో కాల్ చేశాను. మా ఆవిడ పెళ్లిళ్లు చేయించే ఖాజీ గారి కూతురు. మా ఇంట్లో ముద్దుకు ఉర్దూ, తిట్లకు తెలుగు. నా ఘనకార్యం మొత్తం చెప్పి, పెళ్లి పేజీ ఫోన్ ముందు పెట్టాను. ఆవిడ మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

ఆవిడ తెలుగులోకి దిగింది. “పెండ్లికూతురి పక్కన ఏం రాసుండాది?”

“ఏదో ఉంది లే. బాకిరా అని రాసినాడు.”

“బాకిరా అంటే ఏందో తెలుసునా నీకు?”

“తెలీకేం? కన్య అని.”

“బిడ్డను కన్న ఆడది కన్య ఎట్లయితాదయ్యా? మొదటి పెండ్లి అయితేనే బాకిరా అని రాస్తారు. నా పెండ్లయ్యేదాకా మా నాయన రిజిస్టర్లన్నీ రాసింది నేను. మన నిఖానామాలో నా పేరు పక్కన ఏం రాసినారో ఎప్పుడన్నా సూసినావా? నీకు ఆ ఉద్యోగం ఎవురిచ్చినారు సామీ?”

నేను నోరు తెరిచేలోపే ఆవిడే అడిగింది, “ఆ పెండ్లికూతురి నాయనకు ఇంగో కూతురు లేదా?”

ఎక్సెల్ తెరిచాను. ఉంది. నేనే ఎక్కించిన వరస, నేనే వేసిన నంబరు. అదే తండ్రికి నాలుగేళ్ల తర్వాత పుట్టిన ఇంకో ఆడపిల్ల. పెళ్లి ఆ చెల్లెలిది. అక్క అంతకు ముందటేడే చచ్చిపోయింది. ఎర్రముద్ర గుద్దిన పేజీ తీసి, ఆ రోజు నేను పట్టించుకోని చివరి గడి ఇప్పుడు చదివాను. చావుకు కారణం అని ఉంది. కాన్పు.

తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ల పిల్ల రెండో కాన్పులో పోతే, వందేళ్ల తర్వాత నేను లేపి, ముస్తాబు చేసి, పక్క ఊరికి కాపురానికి పంపాను. పైగా స్పైరల్ బైండింగు!

“సచ్చిపోయిన మనిషి మింద నింద ఏసినావు,” అంది మా ఆవిడ. ఆమె గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. “పో. ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి చెప్పు.”

ఆ రోజే అసర్, అంటే సాయంత్రం నమాజు, తర్వాత రెండో ఉమ్రాకు బయలుదేరతామని ఇంజనీరు అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మా రాబిగ్ వాళ్లకు ఇహ్రాం, అంటే యాత్రకు తెల్లబట్టలు, కట్టేది పక్కనే ఉన్న జుహ్ఫాలో. అక్కడ మసీదులో స్నానం చేసి, ఎవరి పేరున ఉమ్రా చేస్తున్నారో మనసులో అనుకుని నోటితో పలుకుతారు. ఆ నీయత్, అంటే సంకల్పం, అయిందా, ఇక మార్చడానికి లేదు. కారు తీశాను. ఆ దారిలో స్పీడు కెమెరాలు ఎక్కడెక్కడున్నాయో నాకు బాగా తెలుసు, ఆ రోజు దేన్నీ లెక్కచేయలేదు.

మసీదు బయట, నీడలో, చిన్న గోడ మీద ఆవిడ కూర్చుని ఉంది. కొడుకు తెల్లబట్టల్లో పక్కన నిలబడి చెప్పులు సర్దుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను రొప్పుతూ చెప్పేశాను. మరక, చెల్లెలు, బాకిరా, ముద్ర, అన్నీ. అబద్ధం కలపలేదు, నన్ను నేను వెనకేసుకు రాలేదు. ఆయన నవ్వు పోయింది. వాళ్లమ్మ వైపు తిరిగి, ఆగి ఆగి చెప్పాడు.

ఆవిడ రెండే అడిగింది. వయసెంత? ఇరవై రెండు. ఎట్లా పోయింది? కాన్పులో.

“అమ్మ నీయత్ అయిపోయింది,” అన్నాడు ఆయన నాతో. “తాతయ్య పేరున.”

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చాను. బస్సుల్లోంచి దిగుతున్న ఈజిప్టు వాళ్లు నన్ను గొప్ప భక్తుడనుకుని భుజం తట్టి పోతున్నారు.

అప్పుడు ఆవిడ మాట్లాడింది. కొడుకు చెప్పాడు. “అయినది అవనీ అంటోంది. కన్నతల్లిని చచ్చేదాకా తిట్టాడు మా నాన్న, ఆ తల్లి ఎప్పుడో మట్టిలో ఉంటే. ఆయనకే ఇది కావాలి అంటోంది.”

తర్వాత నా వైపు వేలు చూపించి ఇంకేదో అంది. దాన్ని ఆయన నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు.

“ఆమె పేరున నిన్ను చేయమంటోంది. ఇప్పుడే.”

మక్కా ఇంత దగ్గరలో పెట్టుకుని నేను ఉమ్రాకు పోయి నాలుగేళ్లు. వచ్చే గురువారం, ఆ పై గురువారం అని గడిపేసినవాణ్ణి. ఇహ్రాం బట్టలు తేలేదన్నాను. ఆవిడకు నా మాట అర్థం కాకపోయినా సాకు అర్థమైంది. కొడుకు సంచిలోంచి ఇంకో జత తీసి నా చేతుల్లో పెట్టి, స్నానాల గదుల వైపు చూపించింది.

తడి జుట్టుతో, రెండు తెల్లగుడ్డలతో బయటికొచ్చాను. ఆవిడ గోడ మీంచి లేచి, మోకాలు పట్టుకుని వచ్చి, నాకు బాగా దగ్గరగా నిలబడింది. ఈసారి నేను సరిగ్గా చదువుతున్నానో లేదో వినడానికి. ఫలానావారి కూతురు ఫలానా ఆమె తరఫున వచ్చాను దేవుడా అని, ఆ పేరు పైకి చెప్పాను. ఆవిడ తండ్రి ఇంట్లో ఎవ్వరినీ పలకనివ్వని పేరు.

ఆవిడ నా మోచేయి పట్టుకుంది. ఇంకోసారి చెప్పమంది.