అమ్మ లేచిన తొమ్మిది కాగితాలు

మా నాన్న కార్టూన్ సినిమాల కంపెనీలో పనిచేస్తాడంటే చాలు, బళ్లో పిల్లలంతా నా చుట్టూ మూగేవాళ్లు. అంత సంబరపడాల్సిందేం లేదర్రా అనేదాన్ని. సీనియర్ ఆర్టిస్టు ఒక మనిషి కూర్చున్న బొమ్మ ఒకటి, నిలబడ్డ బొమ్మ ఒకటి వేసి ఇచ్చి టీకి వెళ్లిపోతాడు. కూర్చున్నవాడు నిలబడేదాకా మధ్యలో కావాల్సిన బొమ్మలన్నీ నాన్న వెయ్యాలి. పందొమ్మిదేళ్లు అదే పని. తెర మీద పేరు కూడా పడేది కాదు.

సీనియర్ అవ్వాలని మాత్రం మహా ఆశ. మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే ఈయన పేరున్న పాత ఆర్టిస్టుల రీళ్లు పెట్టుకుని, ఒక్కో బొమ్మ దగ్గరా ఆపి చూసేవాడు. చూసింది నోటుబుక్కులో రాసుకునేవాడు. "ముందు కళ్లు కదులుతాయి. తర్వాత తల. ఒళ్లు ఆఖరికి." "బరువు తెలియకపోతే అది బొమ్మే, మనిషి కాదు." ఇంటికొచ్చి అవి అమ్మకి చదివి వినిపించేవాడు.

"బరువు తెలియాలంటే ఈ నీళ్ల బకెట్ ఎత్తండి, బాగా తెలుస్తుంది" అనేది అమ్మ.

ఇంట్లో సాధన కూడా అమ్మ మీదే. వంటింట్లో పొట్టి స్టూలు మీద కూరలు తరుగుతున్న అమ్మని వేశాడు. నిలబడ్డ అమ్మని వేశాడు. మధ్యవి వెయ్యలేదు. "అవెంతసేపు! ఆఫీసులో రోజూ చేసే చాకిరీయేగా, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అని రెండు కాగితాలూ ఫైల్లో పెట్టేశాడు. ఇంట్లోనైనా సీనియర్‌లా ఉందామనుకున్నాడేమో మహానుభావుడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. జ్వరం, ఆసుపత్రి, నాలుగు రోజులు, అంతే. నేను ఏడవలేదు. నాన్నా ఏడవలేదు. "తండ్రీకూతుళ్లు రాళ్లలా ఉన్నారు" అని వచ్చినవాళ్లు గుసగుసలాడారు. ఉన్నాం మరి, ఏం చెయ్యమంటారు? తిన్నాం, గిన్నెలు తోముకున్నాం, పడుకున్నాం. నేను బడికి, ఆయన పనికి. లోపల ఏమీ లేదు. నొప్పి కూడా లేదు.

ఐదో నెలలో ఒక ఆదివారం అమ్మని తలుచుకుంటే గోడ మీద ఫొటోయే కనపడింది. ఎంత తలుచుకున్నా ఆ ఫొటో కదలదు. అప్పట్లో ఫోన్లా, వీడియోలా! నాకు భయమేసింది. ఇలాగే ఇంకొన్నాళ్లుంటే అమ్మ ఉత్త ఫొటో అయిపోతుంది.

"నాన్నా, అమ్మని కదిలించి చూపించు. నీ పని అదేగా" అన్నాను.

ఫైలు తీశాడు. కింద బల్బు వెలిగే గాజుబల్ల మీద ఆ రెండు కాగితాలూ పరిచి, పైన తెల్లకాగితం పెట్టి పెన్సిల్ పట్టుకున్నాడు. ఎంతసేపటికీ గీత పడలేదు.

"ఏమైంది?"

"మీ అమ్మ ఎలా లేచేదో నాకు తెలీదు తల్లీ" అన్నాడు. "ఏ చెయ్యి ఆనించేది?"

ఒళ్లు మండిపోయింది నాకు. ఎదురుగా కూర్చుని బొమ్మలేశాడే, ఏం చూసినట్టు?

స్టూలు లాక్కుని కూర్చుని లేచాను. ఛ, అది నేను లేచినట్టుంది. మళ్లీ కూర్చున్నాను. ఎడమచేతిలో తొక్కల పళ్లెం ఉందనుకున్నాను. అంతే, చూపు దానంతటదే పైకి లేచి, నేను లెక్కలు చేసుకునే మూలకి వెళ్లింది. ఆ తర్వాతే కుడిచెయ్యి మోకాలి మీద పడింది.

"ముందు నావైపు చూసేది నాన్నా! చూశాకే లేచేది."

"మరి నావైపు?" అన్నాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "చూసేది. నువ్వు కాగితంలోకి చూస్తుండేవాడివి."

పెన్సిల్ అందుకున్నాడు. నన్ను పదిసార్లు లేపి, పదిసార్లు కూర్చోబెట్టి ఏడు బొమ్మలు వేశాడు. పొద్దుగూకేసరికి అయ్యాయి. తొమ్మిది కాగితాలూ వేళ్ల మధ్య పెట్టుకుని టపటపా వదిలాడు. అమ్మ కళ్లెత్తింది. తలెత్తింది. బరువంతా మోకాలి మీద మోపి లేచింది. అమ్మే. చూపు మాత్రం నాన్న నా మూలకి పెట్టలేదు. తిన్నగా, కాగితాలు పట్టుకున్నవాడివైపు పెట్టుకున్నాడు. పోనీలే అనుకున్నాను.

"మళ్లీ కూర్చోబెట్టు" అన్నాను. కాగితాలు వెనక్కి వదిలాడు. కూర్చుంది.

మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మ కళ్లెత్తిన కాగితం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఎంతకీ వదలడే! కాగితం మీద నీటిచుక్క పడింది, ఇంకోటి పడింది.

నేనూ చేత్తో చెంపలు తుడుచుకున్నాను.

"నాన్నా" అన్నాను, "అమ్మని లేవనీ."