దావీదుకు తగ్గిన మార్కులు

దావీదుది నిడమనూరు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు హమాలీగా బస్తాలు మోశాడు. పోయిన ఎండాకాలం లారీ పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

మూడు నెలలకు కర్ర సాయంతో నడిచాడు. మిర్యాలగూడ దవాఖానాలో ఫిజియోథెరపిస్టు సౌమ్య ఒక కాగితం ముందేసుకుని అడిగింది. అన్నం ఎవరు తినిపిస్తున్నారు, చొక్కా ఎవరు తొడుగుతున్నారు, దొడ్డికి ఎవరు తీసుకెళ్తున్నారు. తనంతట తాను చేసుకునే ఒక్కో పనికి కొన్ని మార్కులు.

"అన్నీ నేనే చేసుకుంటున్న బిడ్డా" అన్నాడు దావీదు. అక్కడి నున్నటి గచ్చు మీద నడిచి చూపించాడు కూడా. నూటికి ఎనభై అయిదు వచ్చాయి. భార్య బుచ్చమ్మ మాత్రం తల వంచుకుని కూర్చుంది.

అది చూసి సౌమ్యకు అనుమానం వచ్చింది. వారం తర్వాత తనే నిడమనూరు వెళ్లింది.

"బాపూ, బాత్రూంకు ఎట్ల పోతున్నవో జర సూపియ్యి."

మరుగుదొడ్డి ఇంటి వెనుక ఉంది. ఎత్తు గడప దాటి రెండు మెట్లు దిగాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు. దావీదు గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఇప్పుడు వస్తలేదు" అన్నాడు.

బుచ్చమ్మ ఇక ఉండలేకపోయింది. "ఎట్ల వస్తది? పొద్దటి సంది సుక్క నీళ్లు తాగలే. లేపలేక నా నడుం పోతదని గిట్ల నోరు ఎండబెట్టుకుంటున్నడు."

సౌమ్య కాగితం మీద పాత అంకెలు కొట్టేసింది. అరవై.

"వచ్చిన మార్కులు గుంజుకుంటవా?" అన్నాడు దావీదు.

"తక్కువేస్తేనే నీకేం గావాల్నో తెలుస్తది, బాపూ."

ఆ పూటంతా ఆయన అలిగి మంచం దిగలేదు. మర్నాడు మాత్రం పక్కింటి వెల్డర్ వినోద్‌ను తనే పిలిపించాడు. వినోద్ గడప తీయించి, మెట్ల వెంట గోడకు ఇనుప పైపు బిగించాడు. దిగేటప్పుడు ముందు ఏ కాలు పెట్టాలో సౌమ్య నేర్పింది. ఒకసారి పడితే దావీదు మోకాలు చెక్కుకుపోయింది. రెండు రోజులు ఆ వైపే పోనన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం ఒక్కడే వెళ్లాడు. లోపల నీళ్లు పోసిన చప్పుడు వినపడ్డాకే బుచ్చమ్మ కుదుటపడింది.

క్రిస్మస్‌కు ముందు సౌమ్య మళ్లీ వచ్చి చూసింది. ఎనభై. మెట్లకు సగం మార్కులే పడ్డాయి.

దావీదు కాగితం వైపు చూడలేదు. "మిల్లు కాడి దోస్తుల జూసి రావాలె. బస్సెక్కుడు ఎప్పుడు నేర్పిస్తవ్ బిడ్డా?" అన్నాడు.