మష్క్ మాఫ్ అయినవాడు

మా అన్న వేళ్ళకు ఎప్పుడు చూసినా సిరా మరకలుండేవి. నా వేళ్ళు శుభ్రంగా ఉండేవి. ఆ శుభ్రాన్ని చూసి మా ఇల్లంతా మురిసిపోయేది. నేను మాత్రం ఆ మరకలను చూసి కుళ్ళుకునేవాణ్ణి.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, పెద్దబాపు కొడుకు. పెద్దబాపుది బోధన్ వైపు చెరుకు సేద్యం. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ వస్తోందని, చదువొచ్చిన పిల్లలకు అందులో కొలువులు దొరుకుతాయని ఎవరో చెబితే విని, కొడుకును తెచ్చి నిజామాబాద్‌లో మా ఇంట్లో దించి పోయాడు. మా బాపుకు గంజ్‌లో బెల్లం దుకాణం ఉండేది. అన్న నాకంటే పెద్దవాడే అయినా, ఆలస్యంగా బడిలో వేయడం వల్ల నాతోపాటు ఒకే జమాత్‌లో కూర్చున్నాడు. బాపు మొదట్లోనే తేల్చేశాడు. మిడిల్ పరీక్ష పాసైనవాడు హైస్కూలుకు పోతాడు, కానివాడు దుకాణం మీద కూర్చుంటాడు. ఆ మాట అంటున్నప్పుడు బాపు అన్న వైపే చూశాడు. అవ్వా అమ్మా కూడా అటే చూశారు. అన్న తల వంచుకుని ఒప్పేసుకున్నాడు.

అది నిజాం రాజ్యం, మా బడిలో చదువంతా ఉర్దూలో. ముసల్మానుల ఇళ్ళ పిల్లలకు అది ఇంట్లో మాట్లాడే భాష. మాలాంటి తెలుగిళ్ళ వాళ్ళం చెవితో పట్టుకోవాలి, చేత్తో దిద్దుకోవాలి. మా ఉస్తాద్ మంచి మనిషి, ఎవరినీ కొట్టేవాడు కాదు. కానీ తెలివి అనేది పుట్టేటప్పుడే దేవుడు కొలిచి పోస్తాడని, ఆ తరువాత ఒక్క చుక్క కూడా కలవదని ఆయన నమ్మకం. చేరిన కొత్తలో ఒక పాఠం చదివి, అప్పజెప్పమని ఒక్కొక్కరినీ లేపాడు. నేను ఒక్కసారి విని మొత్తం అప్పజెప్పాను. ఆయన నా భుజం తట్టి, వీడు జహీన్, తెలివిగలవాడు, వీడికి మష్క్ మాఫ్ అన్నాడు.

మష్క్ అంటే రోజూ పొద్దున చేసే రాతసాధన. చెక్కపలక మీద తెల్లమట్టి పూసి, ఆరబెట్టి, రెల్లు కలంతో రాసి, ఉస్తాద్‌కు చూపించి, కడిగి, మళ్ళీ మట్టి పూసి రాయాలి. మా బడిలో అది తెలివి తక్కువ వాళ్ళ పని. తెలివైనవాళ్ళకు దాన్ని మాఫ్ చేయడం ఉస్తాద్ ఇచ్చే పెద్ద బహుమానం. మాఫ్ అయినవాళ్ళం కిటికీ పక్కన చేతులు కట్టుకుని దొరల్లాగా కూర్చునేవాళ్ళం.

సంగతి ఇంట్లో తెలిసిన రోజు అవ్వ బెల్లం పరమాన్నం వండింది. మా వాడు ఏకసంథాగ్రాహి అని వీధంతా చెప్పుకొచ్చింది. అన్నను మాత్రం మొద్దు అని పిలిచేది, అదీ ప్రేమగానే. వాడూ పలికేవాడు.

కొన్నాళ్ళు నేనూ ఆ దొరతనంలో సుఖంగానే ఉన్నాను. తరువాత నా కళ్ళు మాటిమాటికీ వెనక వరుసకు పోవడం మొదలైంది. ఉస్తాద్ అక్కడే వంగి ఉండేవాడు. అన్న చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కలం ఎటు వంచాలో, చుక్క ఎక్కడ పెట్టాలో చూపించేవాడు. కిటికీ పక్కకు ఆయన ఎందుకు వస్తాడు? మాకు అన్నీ వచ్చాయి కదా. అన్న తప్పు రాస్తే వెనక వరుస నవ్వేది, వాడూ కలిసి నవ్వి పలక కడుక్కునేవాడు. నాకు కడుపు మండేది. నేను తప్పు చేస్తే ఎవరూ నవ్వరని, జాలిగా చూస్తారని నాకు తెలుసు.

ఇంట్లోనూ అదే తంతు. వాడు ఒక వరుస తిన్నగా రాసి తెస్తే అమ్మ పలకను దీపం దగ్గర పెట్టి చూసి, వాడి కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసేది. నేను పాఠం మొత్తం ఒప్పజెప్పినా ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు. సూర్యుడు పొద్దున్నే వచ్చాడని ఎవరు మెచ్చుకుంటారు? రొట్టె కోసం ఏడ్చే వయసు కాదు నాది, మీసాలు మొలుస్తున్నాయి. అయినా ఆ రొట్టె వైపు కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసేవాణ్ణి.

ఒక పొద్దున అన్న నీళ్ళు తేవడానికి పోయినప్పుడు వాడి పలక తీసుకుని రాయబోయాను. రాత బొత్తిగా రాదని కాదు. నాలుగు మాటలకే చెయ్యి ఆగిపోయింది, ఏ అక్షరం దేనితో ఎలా కలుస్తుందో తడుముకోవలసి వచ్చింది. నోటికి అంత తేలికగా వచ్చే మాటలు చేతికి రాలేదు. అవ్వ చూడనే చూసింది.

"నీకెందుకురా గది? గది రానోళ్ళకు," అంది.

నేను గబగబా అరచేత్తో తుడిచేశాను. మళ్ళీ ఆ పలక ముట్టలేదు. అప్పటికి నాకు అన్న మీద అసూయ ముదిరి కోపమైంది. వాడికి రాకపోవడం కూడా ఒక హక్కులాగా కనిపించేది, నాకు ఎవరూ ఇవ్వని హక్కు.

బడిలో పరీక్షలు చాలావరకు నోటితోనే జరిగేవి కాబట్టి నా పరువు నిలిచింది. మిడిల్ పరీక్ష అలా కాదు. అంతా రాయాలి, దిద్దేవాళ్ళు బయటివాళ్ళు. ప్రశ్నలు చూడగానే జవాబులన్నీ నాలుక మీదికి వచ్చాయి. రాయడం మొదలుపెడితే చెయ్యి వాటి వెనక కుంటుకుంటూ నడిచింది. ముందు వరుసలో అన్న మోచెయ్యి ఆగకుండా కదులుతోంది. నేను నా కాగితం కంటే ఆ మోచేతినే ఎక్కువ చూశాను. సగం కూడా రాయకముందే గంట కొట్టారు.

అన్న పాసయ్యాడు. నేను తప్పాను.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసి, ఊరందరి కళ్ళూ పిల్లగాని మీదే పడ్డాయని ఏడ్చింది. మరీ పదునైన బుర్ర ఒక్కోసారి వేడెక్కుతుందని ఉస్తాద్ బాపుకు చెప్పి పంపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష పోయింది గానీ పేరు పోలేదు.

బాపు మాట తప్పడానికి కూడా సిద్ధపడ్డాడు. ఇంకో ఏడాది చదివి మళ్ళీ కూర్చోమన్నాడు. ఆ సాయంత్రం అన్న అరుగు మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, దినాం పొద్దుగాల ఇద్దరం కూసొని రాద్దాం. తప్పులు నేను సూపిస్త," అన్నాడు.

నాకు దిష్టి తగిలిందట కదా అన్నాను.

"దిష్టి లేదు, ఏం లేదు. నీకు రాసుడు రాదు. నాకు గూడ రాకుండె. రాసుకుంట పోతె వచ్చింది. నీకూ వస్తది."

నీకు రాదు అన్న మాట అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. వాడు ఎగతాళి చేసి ఉంటే భరించేవాణ్ణి. వాడి మొహంలో జాలి కూడా లేదు, దారి తెలిసినవాడు దారి చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఒళ్ళు భగ్గుమంది. వాడి ముందు కూర్చుని తప్పు రాయడమా? రాసి కూడా మళ్ళీ తప్పితే? రెండోసారి దిష్టి తగిలిందని చెప్పుకోవడానికి ఉండదు. నాకు అక్కర్లేదని చెప్పి లోపలికి పోయాను. మర్నాడు బాపు వెంట దుకాణానికి నడిచాను.

అన్న హైస్కూలు ముగించి బోధన్ ఫ్యాక్టరీలో కొలువు చేశాడు. అతను మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు ఏదో పని గుర్తొచ్చేది. నేను బెల్లం తూచాను. వేల్పూర్ నుంచి పసుపు బండ్లతో వచ్చే రైతులు దుకాణం ముందు ఆగితే, బాపు ముసలితనంలో కూడా నన్ను చూపించి గొప్పగా చెప్పేవాడు.

"మా వోనిది మస్తు తెలివి. సదివితె తాలూక్‌దార్ అయ్యేటోడు."

నేను తక్కెడ దించి చిన్నగా నవ్వేవాణ్ణి. అన్న గురించి ఎవరూ అలా అనలేదు. అతను చదివాడు.