అవ్వ గాలం చీటీ

బెంగళూరు బెళ్ళందూరులోని మా ఇంటి బాల్కనీలో గులాబీ మొక్కలకని మొన్న వేరుశెనగ చెక్క నానబెట్టాను. మూడో రోజు మూత తియ్యగానే ఆ పులిసిన వాసనకు మా అమ్మాయి ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తింది గానీ, నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. అది మా అవ్వ చేతుల వాసన.

అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి, లక్ష్మమ్మ. నా చిన్నప్పుడు యలహంకలో మా ఇంటి నుంచి నాలుగడుగులు నడిస్తే చెరువు. వానలు వెనకబట్టి, కట్ట పొడుగునా తంగేడు పూసే దసరా సెలవుల్లో, ఆదివారం పొద్దున్నే లేచి, మిగిలిన రాగి సంగటిలో నానబెట్టిన చెక్కపొడి కలిపి చేపల ఎరకని రేగుపండంత ఉండలు చేసి, వెదురు గాలం భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. జొన్నదంటు బెండు నీటి మీద ఎప్పుడు వణుకుతుందా అని చూస్తూ, కొంగున కట్టుకొచ్చిన వేయించిన చెనక్కాయలు నములుతూ ఎంతసేపైనా కూర్చునేది.

ఒక ఏడు, చెరువులో చేపలు పెంచే సంఘంవాళ్ళు ఇకమీదట గాలం వెయ్యాలంటే చీటీ ఉండాలనీ, అదీ ఇంటికి ఒక్కటేననీ చెప్పారు. కట్ట చివర గదిలో కూర్చున్న గుమాస్తా కాగితం రాసి, వేలిముద్రకని సిరాదిండు అవ్వ ముందుకు తోశాడు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏలికి మసి పూసుకునేది నా చేత కాదప్పా. మా పాప సంతకం చేస్తాది, దాని పేర్నే రాయి."

మూడో తరగతి చదువుతున్న నేను నాలుక బయటపెట్టి, గీత దాటిపోయేంత పెద్ద కన్నడ అక్షరాలతో నా పేరు రాశాను. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆదివారం చెరువు కాపలా నరసింహప్ప చీటీ అటూఇటూ తిప్పి చూశాడు. "పాప పేర్న ఉండాది గదమ్మా. నువ్వు గాలం ముట్టగూడదు."

అవ్వ గాలం నా చేతికిచ్చింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి బెండు ఒక్కసారిగా మునిగి, గాలం నా చేతుల్లోంచి జారిపోయేంతగా వంగింది.

"లాగొద్దే! దారం వదులు... వదులే మొద్దూ! ఇప్పుడు లాగు!"

లాగుతూ లాగుతూ బురదలో కూలబడ్డాను. అవ్వ చెయ్యి ముందుకు వచ్చింది, నరసింహప్ప వైపు చూసి ఆగింది. ఆయనే కర్ర పారేసి మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, భుజం మీది తుండుతో చేపను చుట్టి పైకెత్తి, "బొచ్చె! పెద్ద బొచ్చె!" అని కేకపెట్టాడు.

"నువ్వు ముట్టొచ్చా అప్పా? నీకు చీటీ ఉండాదా?" అంది అవ్వ. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ మధ్యాహ్నం చింతపండు పులుసులో మెంతిపొడి వేసి అవ్వ వండిన కూర నరసింహప్ప ఇంటికీ ఒక గిన్నెడు వెళ్ళింది. సాయంత్రం నా పలక తెచ్చి ముందు పెట్టింది. "నా పేరెట్ల రాస్తారో చూపీ."

'ల' తొందరగానే వచ్చింది. 'క్ష్మ' దగ్గర మాత్రం పలకనీ, నన్నూ, ఆ పేరు పెట్టిన వాళ్ళ నాయననీ తిట్టుకుంటూ, బట్టలుతికే బండ మీద బొగ్గుతో రాసి రాసి, దీపావళి కజ్జికాయలు చేసే నాటికి పట్టేసింది. కట్ట మీది గదికి వెళ్ళి, కొత్త చీటీ మీద తన పేరు తానే రాసి, గుమాస్తా చదివేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఇంటికి ఒకటే గనక నా చీటీ రద్దయింది. నేను మూతి ముడుచుకుంటే, నరసింహప్ప కావాలనే అటు తిరిగి నిలబడిన క్షణం చూసి అవ్వ గాలం నా చేతికిచ్చేది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. చీటీల గది ఉన్నచోట బండ్లు నిలుపుతున్నారు. చెరువు చుట్టూ కంచె, నడిచేవాళ్ళకు బాట, గాలం వెయ్యరాదని బోర్డు. పోయిన ఆదివారం ఆ బాట మీద నడుస్తుంటే నీళ్ళ మధ్య ఒక పెద్ద చేప ఎగిరిపడింది. "బొచ్చె!" అని అరిచాను. ముందు నడుస్తున్నాయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఏమైందండీ అని అడిగాడు.